టోల్‌గేటు చెప్పిన కబురు

పాత కారు కొనడానికి వచ్చినవాళ్లు ముందు రంగు చూస్తారు, ఆ తర్వాత టైర్లను కాలితో తంతారు. మహేష్ మాత్రం ఆళ్లగడ్డలో ఓబులేసు ఇంటి ముందు నిలిపిన తెల్ల డీజిల్ కారు బానెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆయిల్ మూత తీసి పొగ చూశాడు. సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి, నల్లబడిన వేళ్లను వాసన చూశాడు. వాకిట్లో నిలబడ్డ ఓబులేసు కూతురు నాగజ్యోతికి నవ్వాగలేదు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ ఇంత సేపు చూడరు.

అతను నోరు తెరిచేదాకానే ఆ నవ్వు.

“ఇంజను మంచిదే పెద్దాయనా. ఎవురో క్లచ్ మీద కాలు తీకుండా నడిపినారు, అంతే.”

ఆ ఎవరో నాగజ్యోతే. మోకాళ్ల నొప్పులతో ఓబులేసు స్టీరింగ్ వదిలేశాక రెండేళ్లు ఆ కారు నడిపింది ఆమే. ఈమధ్య స్కూటీ కొనుక్కుంది కాబట్టి కారు అమ్మకానికి వచ్చింది. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఒకరి తప్పులు దిద్దడమే గాని, దిద్దించుకోవడం అలవాటు లేదు.

“బండి కొనేకొచ్చినారా, నాకు మార్కులేసేకొచ్చినారా?” అంది.

మహేష్ అప్పుడు తలెత్తి చూశాడు. చూసిన తర్వాత బేరమాడటం మరిచిపోయి ఓబులేసు చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు. నంద్యాలలో డీజిల్ పంపులు, నాజిల్స్ బాగుచేసి పేరు తెచ్చుకున్న మెకానిక్ బేరం చేయకుండా పాత బండి కొన్నాడంటే, వాడికి ఏదో అయినట్టే లెక్క.

ఆడపిల్ల పేరు మీదుంటే కలిసొస్తుందని కారును నాగజ్యోతి పేరు మీద కొన్నాడు ఓబులేసు. పేరు మార్చాలంటే ఆమె సంతకాలు కావాలి. తెల్లారితే ఆషాఢం, కాగితాల పని తర్వాత చూద్దామన్నాడు. సరేనని మహేష్ బండి తీసుకుపోయాడు. అద్దానికి అతికించిన టోల్‌గేటు స్టిక్కరుకు కూడా నాగజ్యోతి ఫోన్ నంబరే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ వచ్చే ఆదివారం ఉదయం ఆమె ఫోన్ టింగుమంది. ఫలానా నంబరు గల మీ వాహనం టోల్‌గేటు దాటింది అని మెసేజీ. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఉన్న గేటు. టైము తొమ్మిదింబావు. ఇంకో గంటన్నరకు మళ్లీ మోగింది. బండి వెనక్కి పోయింది.

నంబరు మార్చుకోమని చెప్పాలనుకుంది. చెప్పలేదు.

మరుసటి ఆదివారం మళ్లీ అదే టైముకు మోగింది. ఆ పై ఆదివారమూ అంతే. తొమ్మిదింబావుకు గేటు దాటితే పది గంటల లోపు ఊళ్లో ఉంటాడు. లెక్కల టీచరుకు ఆ లెక్క ఎంతసేపు? పదింటికల్లా తల దువ్వుకుని, చేటలో గోంగూర వేసుకుని వీధి అరుగు మీద కూర్చునేది. ఆకు వలవడం అయిపోయేది. కారు మాత్రం వీధిలోకి వచ్చేది కాదు. ఫోన్ రెండోసారి మోగాక లేచి లోపలికి పోయేది.

స్కూల్లో తోటి టీచరు నిలోఫర్‌తో మాత్రం చెప్పుకుంది. ఆళ్లగడ్డలోనే అతనికి ఏదో సంబంధం కుదిరి ఉంటుంది, లేకపోతే వారం వారం అంత దూరం ఎవడొస్తాడని నిలోఫర్ తేల్చేసింది. ఆ రోజు నాగజ్యోతికి అన్నం సయించలేదు. ఒక్కసారి చూసిన మనిషి, అదీ పోట్లాడిన మనిషి, ఎవరింటికి పోతే తనకెందుకు? ఎందుకో ఆమెకు తెలుసు. అతను కావాలి. కోపంగా ఉన్నా, సిగ్గుగా ఉన్నా, అదే నిజం.

కార్తీకంలో రెండు ఆదివారాలు ఫోన్ మోగలేదు. సిగ్నల్ లేదేమోనని మేడెక్కి చూసింది. ఆఫ్ చేసి ఆన్ చేసింది. ఏదైనా అయిందేమోనని భయపడింది. పెళ్లైపోయిందేమోనని అంతకంటే ఎక్కువ భయపడింది.

మూడో వారం మహేష్ ఓబులేసుకు ఫోన్ చేశాడు. కాగితాలు సిద్ధంగా ఉన్నాయట, అమ్మాయి సంతకాలు పెడితే బండి, స్టిక్కరు అన్నీ తన పేరు మీదికి మార్చుకుంటాడట. నాగజ్యోతి మాత్రం అప్పుడే కుదరదంది. సంతకం పెడితే ఇక ఆ మెసేజీ కూడా రాదు. పరీక్ష పేపర్లు దిద్దాలని ఒక వారం వాయిదా వేసింది, తలనొప్పని ఇంకో వారం. సంతకానికి గూడా ముహూర్తం పెట్టాల్నా అని ఓబులేసు విసుక్కున్నాడు.

ఆదివారం మహేష్ వచ్చాడు. నాజిల్స్ మార్చి, పంపు విప్పి సరిచేసిన కారు గుమ్మం ముందు ఆగేదాకా చప్పుడే లేదు. నాగజ్యోతి మాత్రం అప్పటికే కాఫీ పెట్టి ఉంచింది. ఆధార్ జిరాక్స్ వెతకడానికి ఓబులేసు లోపలికి పోయాడు. మహేష్ కాగితాలు బానెట్ మీద పరిచాడు. ఆమె పెన్ను తీసుకుంది గాని రాయలేదు.

“ఈ ఊర్లో మీకు ఎవురుండారు?”

“ఎవురూ లేరే.”

“మరి ఆదివారమైతే తొమ్మిదింబావుకు గేటు దాటి, గంటన్నరకంతా ఏంటికి తిరిగి పోతాండారు?”

ఆమె ఫోన్ తీసి చూపించింది. ఆషాఢం నుంచి వచ్చిన మెసేజీలన్నీ వరుసగా ఉన్నాయి. ఒక్కటీ చెరపలేదు. వాటిని అతను పైనుంచి కిందిదాకా చూశాడు, ఆ తర్వాత ఆమెను చూశాడు.

“ట్రయల్ అని నాకు నేనే చెప్పుకోని వస్తాంటి,” అన్నాడు మెల్లగా. “మీ వీధి మొదట్లో టీ అంగడి కాడ బండి నిలబెట్టుకోని, ఏం జెప్పి మీ ఇంటికి రావాల్నో తెలీక పోతాంటి. రెండు వారాలు పంపు విప్పేసింటి, బండి కదల్లేదు. ఉన్న సాకల్లా ఈ సంతకం ఒకటే. ఇదీ అయిపోతే ఇంగ రానీకి ఏమీ లేదు.”

నాగజ్యోతి తల వంచుకుని మొదటి కాగితం మీద సంతకం పెట్టింది.

“బండి మీ పేరు మీదికే మార్చుకోండి. స్టిక్కరుకు మాత్రం నా నంబరే ఉండనీండి,” అంది. “మీరు వస్తాండారని నాకు తెలియాల.”

గుమ్మంలో దగ్గు వినిపించింది. ఓబులేసు జిరాక్సు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు. మహేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఏమప్పా, పదేండ్లు నా చేతి కింద ఉన్న బండి. టీ అంగడి కాడ నిలబడితే నేను గుర్తు పట్టననుకున్యావా? నన్ను జూసి స్టీరింగ్ కిందికి వంగుతాంటివే, వారం వారం.”

మహేష్ నేల చూపులు చూశాడు. ఓబులేసు జిరాక్సును కూతురి చేతికిచ్చి, కారు పైకప్పు మీద ఒకసారి చెయ్యి వేసి నిమిరాడు.

“వచ్చే ఆదివారం ఒక్కనివే రావద్దు. మీ అమ్మను పిల్సుకోని రా. ఆడ నిలబెట్టొద్దు, నేరుగా ఇంటికాడికే రా.”

రెండో కాగితం మీద నాగజ్యోతి సంతకం గడి దాటిపోయింది. సంతకం కుదరలేదని, మళ్లీ కొత్త కాగితం తేవాల్సి ఉంటుందని మహేష్ చెప్పాడు. తెమ్మంది.