బావ సీపీయూ

కంప్యూటర్లు బాగుచేసేవాడికి అసహ్యం పనికిరాదు. బొద్దింకలు కాపురం పెట్టిన సీపీయూలెన్నో అతను తుడిచిచ్చాడు, పక్కన టీ పెట్టుకుని మరీ. కానీ ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో, బావ గదిలో కాలు పెట్టగానే ముక్కు మూసుకున్నాడు. గోడలకు కొత్తగా సున్నం వేయించారు. నేలంతా ఫినాయిల్‌తో కడిగారు. ఆ రెండు వాసనల అడుగున మూడోది ఒకటి, మురిగిన పండులా తియ్యగా, ఇంకా ఉంది.

బావ పోయింది ఈ కంప్యూటరు బల్ల ముందే. కూతురి కాన్పుకని అక్క అప్పుడు వేరే ఊళ్ళో ఉంది. తలుపు పగలగొట్టేసరికి ఆయన రోజుల తరబడి కుర్చీలోనే ఉన్నాడు. ముఖం చూడొద్దని అందరూ అక్కను గట్టిగా పట్టుకున్నారు. చూడలేదు. పుట్టబోయే బిడ్డ కోసం తను మాట్లాడుతూ వీడియో తీసి ఈ కంప్యూటర్లోనే దాచానని ఆఖరిసారి ఫోన్లో ఆయనే చెప్పాడట.

"స్విచ్చి వేస్తే లైట్లు వెలుగుతున్నాయిరా. తెర మాత్రం నల్లగానే ఉంటోంది," అంది అక్క గుమ్మంలోంచి. "ఒక్కసారి ఆయన ముఖం చూపించు, చాలు."

"గ్రాఫిక్స్ కార్డు పోయుంటుందక్కా. తెరకి బొమ్మ పంపేది అదే. ఉండు, చూస్తాను."

కుర్చీని ఆనుకుని నేలమీదే ఉంది సీపీయూ. పక్కరేకు ఊడదీశాడు. లోపలంతా జిడ్డు. దుమ్ము కాదు... గోధుమరంగు జిడ్డు, అంచుల్లో గట్టిపడి, మధ్యలో ఇంకా మెత్తగా. బావ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఇదీ ఆన్‌లోనే ఉంది. గదిలో ఉన్నదంతా ఫ్యాన్లు లోపలికి పీల్చుకున్నాయి. ఆ సంగతి అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది.

కార్డు పట్టి లాగాడు. అది జిగురుగా ఊడొచ్చింది. బల్ల మీద పాత పేపరు పరిచి, దానిమీద పెట్టి బ్రష్‌తో గీకితే జిడ్డు తీగలా సాగింది. ఈ పనివాళ్ళందరికీ ఒక దిక్కుమాలిన అలవాటుంది, అతనికీ ఉంది. వంగి, కార్డు మీదుండే చిన్న ఫ్యాను రెక్కల సందులోకి నోటితో ఉఫ్ మని ఊదాడు. ఏదో ఎగిరొచ్చి పెదవికి అంటుకుంది. ఉప్పగా ఉంది.

"ఛీ! ఛీ!"

చొక్కా చేతికి నాలుక రుద్దుకున్నాడు. వాంతి గొంతుదాకా వచ్చి ఆగింది. అక్క చూస్తోందని మింగేశాడు.

మానిటర్ కేబుల్ని నేరుగా మదర్‌బోర్డుకే తగిలించి స్విచ్చి వేశాడు. నలుపు. మెమరీ తీసి మళ్ళీ పెట్టాడు. అదే నలుపు.

"ఇక్కడ కాదక్కా. డిస్కు పట్టుకెళ్ళి షాపులో ఇంకో సిస్టంకి పెడతాను. వీడియో ఎక్కడికీ పోదు," అంటూ ప్లగ్గు పీకేశాడు.

గది నిశ్శబ్దమైంది.

కాదు... ఎక్కడో చిన్నగా గరగర.

పేపరు మీద కార్డు. దానికి ఒక్క వైరు కూడా లేదు. రెక్కలు కదులుతున్నాయి... మెల్లగా... జిడ్డుని సాగదీస్తూ. వెచ్చటి గాలి అతని ముంజేతికి తగిలింది. తడిగా ఉంది. పాచినోటి వాసన.

"అక్కా... ఇటు రాకు."

ఆమె అప్పటికే పక్కన నిలబడి ఉంది. బల్ల మీదికి వంగి గట్టిగా వాసన పీల్చింది.

"ఆయనే," అంది గుసగుసగా. "పొద్దున్నే ఇటు తిరిగి పడుకుంటే ఇదే..."

"ముట్టుకోకక్కా! అదేంటో నీకు తెలీదు."

"ఇన్నేళ్ళు పక్కలో పడుకున్నదాన్ని. నాకు తెలీదా?"

కార్డు మీది జిడ్డుకి చెంప ఆనించింది. కళ్ళు మూసుకుంది. బావ పోయాక ఆ ముఖంలో అంత హాయి అతను చూడలేదు.

"డిస్కు వద్దులేరా. నువ్వెళ్ళు."

లాగేద్దామనుకున్నాడు. తోడబుట్టినదాన్ని ముట్టుకోవడానికి అతనికి చేతులు రాలేదు. ఫ్యాను గాలిని ఒకవైపే తోస్తుంది. ఇన్నేళ్ళ పనిలో అతను చూసింది అదే.

అక్క నెరిసిన జుట్టులోంచి ఒక పాయ రెక్కల ముందుకి జారింది. గాలికి పైకి లేచింది... ఆగింది... లోపలికి పీల్చినట్టు వంగింది.

మళ్ళీ పైకి లేచింది.