ముడిపడిన నొసలు

ఒకప్పుడు నతానియేలు ఎవరి బొమ్మ వేసినా గుమ్మడికాయకు కళ్ళు పెట్టినట్టుండేది. ప్రత్తిపాడు సెంటర్లో అతని కొట్టు ముందు ఆగి మరీ నవ్విపోయేవాళ్ళు జనం. ఆ నవ్వులు భరించలేక గుంటూరు వెళ్ళి, డాక్టరు చదువులవాళ్ళు చదివి అమ్మేసిన శరీర నిర్మాణం పుస్తకం కొని తెచ్చుకున్నాడు. నవ్వితే ఏ కండ లాగుతుందో, ఏడిస్తే ఏది ముడుచుకుంటుందో అద్దం ముందు తన మొహమే తడుముకుంటూ నేర్చాడు. ఏడాది తిరిగేసరికి అతని పెన్సిలు కింద మనుషులు మనుషుల్లా కనపడసాగారు.

ఆ తర్వాత చావు జరిగిన ఇళ్ళవాళ్ళు రావడం మొదలైంది. చాలామందికి బతికుండగా తీసిన మంచి ఫొటో ఉండదు, శవాన్ని తీసిందే ఉంటుంది. ప్రాణం పోయిన మొహంలో కండలన్నీ వదులైపోతాయి. వాటిని మళ్ళీ బిగించి కళ్ళు తెరిపించడంలో నతానియేలుకు ఎదురులేదు. ఆ సంగతి అతనికీ కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆ రోజు పొద్దున్నే అంకమ్మ వచ్చింది. ఆమె కూతురు ఆరాధన ముందురోజు మిరపకాయలు కోస్తూ ఎండదెబ్బకు పడిపోయింది. ఊళ్ళో వైద్యుడు నాడి చూసి, లేదన్నాడు. ఆ ఎండలకు ఉంచలేక సాయంత్రమే పెట్టెలో పెట్టి భూస్థాపన చేసేశారు.

"రేపు ఇంటికాడ ప్రార్థన పెట్టుకున్నాం నతానియేలూ. పిల్ల మమ్మల్ని చూస్తున్నట్టే ఉండాలయ్యా."

"ఉంటుందత్తా. సాయంత్రం రా."

పెట్టె మూసేముందు ఆమె కొడుకు తీసి పంపిన ఫొటోను ఫోన్లో పెద్దది చేసి ఎదురుగా పెట్టుకున్నాడు. ఆరాధన నుదురు నున్నగా ఉంది. పక్క కల్లంలోంచి ఎండుమిరప ఘాటు గొంతులో దిగుతోంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది.

మధ్యాహ్నం తలెత్తి చూస్తే ఫొటోలో కనుబొమల మధ్య రెండు గీతలున్నాయి. పొద్దున సరిగా చూసి ఉండననుకుని, బొమ్మలో నుదురు చెరిపి మళ్ళీ వేశాడు. కాసేపటికి కింది పెదవి పక్కకు లాగింది. మెడ మీది పల్చటి కండ తాళ్ళు తాళ్ళుగా లేచింది. ఊపిరి కోసం పెనుగులాడేటప్పుడు అది అలా బిగుస్తుందని పుస్తకంలో చదివాడు.

భయపడాల్సింది పోయి, ఆశపడ్డాడు. కండలు ఇంత స్పష్టంగా పనిచేయడం అతనెన్నడూ చూడలేదు. పెన్సిలు చెక్కుకుని ప్రతి ముడతనూ ఉన్నదున్నట్టు దించాడు. ఫొటో మారుతూ పోయింది... అతను దించుతూ పోయాడు. తన జన్మలో ఇంత మంచి బొమ్మ వేయలేదని తృప్తిగా వెనక్కి వాలాడు.

అప్పుడు వెలిగింది.

చనిపోయినవాళ్ళు నొసలు ముడవరు. నిన్న తీసిన ఫొటో ఇవాళ మారదు. మారుతున్నది ఆ మొహం... ఇప్పుడు... మట్టి కింద, పెట్టెలో.

లేవబోయి ఆగాడు. ఫొటో మారిందని, సమాధి తవ్వమని అరిస్తే ఊరంతా ఏమంటుంది? పిచ్చోడంటుంది. మళ్ళీ నవ్వుతుంది. కాసేపు చూద్దాం అనుకున్నాడు. ఇంకాసేపు... పొద్దు వాలిపోయింది.

"అయిందా అయ్యా?"

గుమ్మంలో అంకమ్మ. బొమ్మను చటుక్కున బోర్లించాడు.

"అత్తా... సమాధుల దొడ్డికి... పారలు తీసుకుని..."

ఆమే చూస్తుందిలెమ్మని ఫోను చేతికిచ్చాడు. ఇద్దరూ ఆ వెలుగులోకి వంగారు.

కనుబొమల మధ్య గీతలు లేవు. పెదవి జారింది. మెడ మెత్తబడింది. కండలన్నీ వదులైపోయాయి. ఇందాక లేచి పరిగెత్తి ఉంటే... నతానియేలు మొహం కప్పుకుని ఏడ్చేశాడు.

అంకమ్మ అతని వైపు చూడలేదు. వేలితో ఫొటోను మెల్లగా పైకి జరిపింది, గుండెల మీద పెట్టిన చేతులు కనపడేదాకా.

"చేతులు నేనే కడిగాను గదయ్యా," అంది గుసగుసగా. "గోళ్ళల్లో ఈ నల్లమట్టేంది?"