తమ్ముడి వాసన

ఎటోబికో అనే ఊళ్లో ఇంగ్రిడ్ గారి ఫ్లాట్ పదకొండో అంతస్తు. వారానికి మూడు మధ్యాహ్నాలు చంద్రకళ వచ్చి ఆ ముసలావిడకి స్నానం చేయించి, సూపు కాచి, ఇల్లు సర్దిపెట్టి వెళ్తుంది. ఒళ్లు దాచుకునే మనిషి కాదు. చెప్పిన పని చేసి ఊరుకునే మనిషీ కాదు, అదే చిక్కు.

ఆ డిసెంబరు రోజు నాలుగున్నరకే చీకటి పడిపోయింది. అలమర సర్దుతుంటే వెనకాల ఒక గాజు సీసా దొరికింది. లోపల పసుపుపచ్చ గుడ్డపీలిక. ఇంత మంచి సీసా దండగ కదా, కడిగితే పప్పులు పోసుకోవచ్చని బిగుసుకున్న మూత బలంగా తిప్పింది.

గుప్పుమంది వాసన. చెమట, సిగరెట్టు, తుప్పు. ఎవరో మగమనిషి వచ్చి పక్కనే నిలబడ్డట్టు...

"తీశావా?" కుర్చీలోంచి ముందుకి వంగింది ఇంగ్రిడ్. "అయ్యో చంద్రా... తీసేశావా?"

"కడుగుదామనుకున్నా మేడమ్. ఏంటిది?"

"రోల్ఫ్. మా తమ్ముడు."

ఆగి ఆగి చెప్పింది. ఒకప్పుడు తూర్పు జర్మనీలో రహస్య పోలీసుల ఆఫీసులో ఆవిడ టైపిస్టు. అనుమానం ఉన్నవాళ్లని పిలిచి, గుడ్డ పరిచిన కుర్చీలో కూర్చోబెట్టేవారు. వాసన పట్టిన గుడ్డని సీసాలో దాచేవారు. మనిషి పారిపోతే దాన్ని కుక్కలకి చూపించేవారు.

"రోల్ఫ్‌ని నేనే కూర్చోబెట్టాను. ఏం కాదులేరా అన్నాను. సరిహద్దు దగ్గర అడవిలో... కుక్కలే పట్టుకున్నాయి. వాడు బతకలేదు."

ఆ ప్రభుత్వం కూలిన రోజుల్లో సీసా దొంగిలించి తెచ్చుకుంది. వాడిదంటూ మిగిలింది అదొక్కటే. ముప్పై ఏళ్లు దాటినా మూత తియ్యలేదు. చంద్రకళకి ఏడుపొచ్చింది. ఎంత పని చేశాను అనుకుంది.

అప్పుడే వినిపించింది. బయట కారిడార్లో గోళ్ల చప్పుడు. ఆగింది. తలుపు కింద సందులోంచి ఊపిరి... వాసన చూస్తున్న ఊపిరి. తడిసిన కుక్క కంపు.

చంద్రకళ గబగబా మూత బిగించింది. లాభం లేకపోయింది. ఊపిరి గదిలోకొచ్చేసింది. ఏమీ కనిపించడం లేదు.

"మళ్లీ వాడి కోసమే..." ఇంగ్రిడ్ గుసగుసగా అంది. "ఇలా ఇవ్వు."

సీసా అందుకుని, మూత తిప్పి, గుడ్డ తీసి స్వెట్టర్ లోపల గుండెకి అదుముకుంది.

"ఈసారి నన్ను పట్టుకోనీ."

గోళ్లు కుర్చీ దాకా వచ్చాయి. ఆగాయి...

ఇంగ్రిడ్ తల వాలిపోయింది. చంద్రకళ చెయ్యి పట్టుకు చూసింది. నాడి లేదు. "మేడమ్... మేడమ్..." అంటూ భోరుమంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తూ, ఎందుకో బాల్కనీ వైపు చూసింది.

గాజు తలుపు లోపల్నుంచి తాళం వేసే ఉంది. అవతల మంచులో, రెయిలింగ్ దగ్గర్నుంచి తలుపు వరకూ మగవాడి బూట్ల గుర్తులు. అవి తిరిగి వెళ్లిన వైపు, వాటి పక్కనే చిన్న చిన్న వట్టి పాదాల గుర్తులు. తను స్నానం చేయించే పాదాలే.

వాటి వెనకాలే, ఒక్కొక్కటిగా, ఇప్పుడే పడుతున్న కుక్క అడుగులు.