సాక్షిగా పనికిరాని రాయబారి

"సాయంత్రం ఒకబ్బాయి వస్తాడు, కాస్త కూర్చుని మాట్లాడమ్మా" అని చెప్పి తండ్రి పొద్దున్నే షాపుకు వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా ఆమె కాదనడానికి నాలుగు కారణాలు సిద్ధం చేసుకుంది.

వచ్చినవాడు వెనక వీధిలో ఉండేవాడే. ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో ఎం.ఏ. చదివొచ్చి పద్నాలుగు నెలలు ఖాళీగా కూర్చున్నందుకు వీధి అతనికి రాయబారి అని పేరు పెట్టింది. తర్వాత సరుకు రవాణా కంపెనీలో ఉద్యోగం దొరికినా ఆ పేరు మాత్రం పోలేదు.

"చూడండి, నాకిప్పుడే పెళ్లి ఉద్దేశం లేదు" అంది ఆమె, అతను కుర్చీలో సర్దుకోకముందే.

"నాకూ లేదండీ. మీరు నాలా అవ్వకూడదని చెప్పడానికి అంకుల్ రమ్మన్నారు."

ఆమె నాలుక కరుచుకుంది. తండ్రి మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వణుకుతోంది.

సంగతేమిటంటే, ఆమెకు అదే కోర్సులో సీటొచ్చింది. రైల్లో పదకొండు గంటల దూరం, రెండేళ్ల చదువు. ఫీజూ హాస్టలూ కలిపితే, తండ్రి తన టైల్స్ షాపు కోసం తొమ్మిదేళ్లుగా కొనాలనుకుంటున్న గోడౌను ధరలో సగం. నెలాఖరులోగా మొదటి వాయిదా కట్టకపోతే సీటు పోతుంది. ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

షాపులో దిగుమతి కాగితాలు చూసేది ఆమే. ఒకసారి రెండు దేశాలు మాటా మాటా అనుకుంటే వీళ్ల కంటైనరు నలభై రోజులు రేవులో ఆగిపోయింది. ఎందుకాగిందో ఏజెంటు చెప్పలేకపోయాడు. ఆ చదువు మీద ఆమెకు గురి కుదిరింది అప్పుడే.

"చెప్పు నాయనా, ఉన్నదున్నట్టు" అన్నాడు తండ్రి.

"మా బ్యాచ్ ముప్ఫై ఒక్కమందిమి. విదేశాంగ శాఖకు వెళ్లింది ఇద్దరే. వాళ్లు కూడా వేరే పరీక్ష రాసే వెళ్లారు. నా మొదటి జీతం మా కంపెనీ డ్రైవరు కంటే తక్కువ."

"విన్నావా అమ్మడూ?"

"మిగతా ఇరవై ఎనిమిది మందీ ఏం చేస్తున్నారు?" అని ఆమె అతన్నే అడిగింది.

"అడగలేదండీ ఎప్పుడూ."

"బాగుంది. మీ ఒక్కరికి జలుబు చేస్తే వీధంతటికీ మందు పోసేస్తారా? వాళ్ల నంబర్లు తెండి."

మర్నాడే జాబితా తెచ్చాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆఫీసు వదలగానే షాపుకొచ్చి కౌంటరుకు ఇవతల కూర్చునేవాడు. అతను ఒక్కొక్కరికీ ఫోను చేస్తే ఆమె అడగాల్సినవి అడిగి రాసుకునేది. కొనేవాళ్లు టైలును వేలితో కొట్టి చప్పుడు వింటుంటే ఇద్దరూ మాట ఆపేవారు. వెనక కటింగ్ మెషిను మొదలైతే ఫోను పట్టుకుని వీధిలోకి పరుగెత్తేవారు.

పదకొండు మంది చదువుకు దగ్గరి పనుల్లోనే ఉన్నారు. వార్తాసంస్థ, ఎగుమతిదారుల సంఘం, శరణార్థులకు సాయం చేసే సంస్థ, అలాంటివి. ఐదుగురు పాఠాలు చెబుతున్నారు. నలుగురు ఇంకా పరీక్షలు రాస్తున్నారు. ఒకామె కేకులు చేసి అమ్ముతోంది. అందరిలో ఆమె సంపాదనే ఎక్కువ. ఏడుగురు ఫోనెత్తలేదు.

"ఎందుకెత్తలేదంటారు?"

"నేను పాత బాకీ అడుగుతాననుకుని ఉంటారు."

ఒకరోజు వాన పట్టుకుంది. వాకిట్లో దించిన టైల్స్ పెట్టెలను ఇద్దరూ లోపలికి లాగారు. పెట్టె ముప్ఫై కిలోలు. రెండోదానికే అతను నడుం పట్టుకున్నాడు.

"ఎం.ఏ.లో ఇది నేర్పలేదా?"

"బరువు ఎదుటివాళ్ల మీదికి ఎలా నెట్టాలో నేర్పారు."

ఆమె నవ్వింది. అతను మూడో పెట్టె సంగతి మర్చిపోయి చూస్తూ నిలబడ్డాడు. పెట్టె తడిసి ముద్దయింది.

"నిజం చెప్పండి" అంది ఆమె చేతులు తుడుచుకుంటూ. "ఆఫీసులో మీ పక్క సీటాయన చెయ్యలేనిది మీరేం చేస్తారు?"

"ఇద్దరు పోట్లాడుకుంటుంటే పైకి చెప్పే కారణం రాసుకుంటాను. చెప్పని కారణం కోసం వెతుకుతాను. రెండేళ్లలో వచ్చింది అదేనండీ."

"అయితే మా నాన్న దగ్గర వెతకండి."

మర్నాడు అతను తండ్రికి టీ తెప్పించి గంటసేపు పక్కన కూర్చున్నాడు. గోడౌను ఒక వంక మాత్రమేనని తేలింది. ఉద్యోగం రాకపోతే కూతురు సిగ్గుపడి షాపు మెట్లెక్కదని, వీధి ఆమెకూ ఏదో పేరు తగిలిస్తుందని ఆయన భయం.

"నీకు పెట్టారుగా అబ్బాయ్. అప్పుడు నేనూ నవ్వాను" అన్నాడు తండ్రి, గ్లాసులోకి చూస్తూ.

గడువు ముందురోజు ముగ్గురూ షాపు బల్ల దగ్గర కూర్చున్నారు. ఒప్పందం అతనే రాశాడు. ఫీజుకు బ్యాంకు అప్పు ఆమె పేరు మీద, హామీ సంతకమూ హాస్టలు ఖర్చూ తండ్రివి. గోడౌను డబ్బు జోలికి పోరాదు. సెలవుల్లో దిగుమతి కాగితాలు ఆమే చూడాలి. చదువయ్యాక ఏడాదిలో ఉద్యోగం రాకపోతే షాపులో కుర్చీ ఆమెదే, ఎవరూ ఒక్క మాట అనరాదు.

ఆ ఆఖరి వాక్యాన్ని తండ్రి రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. తండ్రి పెన్ను అతనికి అందించాడు. "సాక్షిగా నువ్వు పెట్టు."

అతను పెన్ను బల్లమీద పెట్టేశాడు. "నేను పెట్టకూడదండీ."

"ఏం, ఏమొచ్చింది?"

"మధ్యవర్తికి సొంత లాభనష్టాలు ఉండకూడదు. ఉంటే ముందే చెప్పాలి. నేను చెప్పడం ఆలస్యమైంది."

"బ్యాంకువాళ్లు కమీషన్ ఇస్తున్నారా?"

"అది కాదంకుల్." ఎదురుగా ఉన్న శాంపిల్ టైలుకు చెబుతున్నట్టు చెప్పాడు. "తను వెళ్లిపోతే నష్టపోయేవాళ్లలో నేనూ ఒకణ్ణి. వెళ్లకుండా ఆగిపోయేలా ఏదైనా రాయొచ్చేమోనని రెండు రోజులు ఆలోచించాను. చెయ్యి రాలేదు."

ఆమె చెవులు వేడెక్కాయి. తండ్రి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మడూ, ఏమంటున్నాడితను?"

"మీకర్థమైందే అంటున్నారు నాన్నా."

"నీకిష్టమేనా?"

ఆమె తలొంచుకుని కాగితం అంచు మడిచింది, విప్పింది. "కష్టమైతే లేదు."

తండ్రి కాగితాన్ని అతని ముందుకు తోశాడు. "సాక్షి సంతకం పక్క షాపు పెయింట్లాయన పెడతాడు. నువ్వు మూడో పార్టీగా పేరు రాసుకో."

అతను చెయ్యి చాపేలోపు పెన్ను ఆమె లాక్కుంది. "ఆగండి. నా షరతు ఎవరూ అడగలేదు."

"చెప్పండి."

"కాలేజీలో దింపడానికి మీరూ రావాలి. నాన్న ఒక్కరే వస్తే నన్నక్కడ వదిలిపెట్టి రాలేక ఏడుస్తారు."

"నేనా?" అన్నాడు తండ్రి.

"నేను మాత్రం ఏడవనా?" అన్నాడు అతను.

ఆమె అయిదో షరతు రాసి కాగితం అతని వైపు తిప్పింది. అతను ఆమెనే చూస్తూ కింద సంతకం పెట్టేశాడు.

"చదవకుండా సంతకం పెట్టే రాయబారిని ఇప్పుడే చూస్తున్నాను" అని తండ్రి పెయింట్లాయన్ని పిలవడానికి లేచాడు.