జెట్టుకి ఆముదం

"ఒక లీటరు ఆముదం ఇయ్యమ్మా."

అంగట్లో కూచోని కెమిస్ట్రీ పుస్తకం చదువుకుంటా ఉన్న అమ్మాయి తలెత్తింది.

"తలకా? బండి ఇరుసుకా?"

"జెట్ ఇంజనుకి."

అమ్మాయి పుస్తకం మూసేసింది. "ఏం, దానికి కడుపు కట్టిందా?"

అంతే! మురళికి చెవులు రెండూ ఎర్రబడినాయి. ఈ గానుగ ఆముదం కోసమే హోసూరు నుంచి కెలమంగలం దాకా వానలో మోపెడ్ తోలుకోని వచ్చినాడు. వస్తే ఈ మాట!

"నవ్వొద్దు. బొమ్మ విమానం ఇంజను అది. రియల్ టర్బైన్! ఇంతే ఉంటాది," అని మోచెయ్యి చూపించినాడు. "ఆదివారం కృష్ణగిరి కాలేజీ గ్రౌండ్‌లో తిప్పి చూపించాల. బెంగుళూరు క్లబ్ వాళ్ళు వస్తారు. బాగా తిరిగితే నన్ను టీంలో చేర్చుకుంటారు."

"తిరక్కపోతే?"

మురళి ఫ్యాక్టరీ టూల్ రూం ఉద్యోగంలో రెండేండ్లు ఓవర్‌టైం చేసి, బెంగుళూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఇంజను. బేరింగు కాలిందంటే అంతే, ఇంగ ఇనప ముక్క.

"ఎందుకు తిరగదు? ఆరేండ్లుగా చిన్న ఇంజన్లకి ఆముదమే పోస్తా ఉండా."

"అవి దేంతో నడుస్తాయి?"

"మెథనాల్."

"ఇది?"

"కిరసనాయిలు. అమ్మ రేషన్‌ది దాచిపెట్టింది."

"నీలంగా ఉండేదా? పొయ్యికిచ్చింది జెట్టుకి పోస్తావా?" కండ్లు పెద్దవి చేసింది. "చూడప్పా, మెథనాల్‌లో ఆముదం కలుస్తాది. కిరసనాయిల్లో కలవదు."

"జెట్ గురించి నీకేం తెలుసు?"

"జెట్ తెలీదు. ఆముదం తెలుసు. పుట్టినప్పుట్నుంచీ."

ఒక గాజు సీసా తీసింది. లాంతరుకి పెట్టుకున్న కిరసనాయిలు పోసింది, దాంట్లో ఆముదం పోసింది, మూత బిగించి గలగలా ఆడించింది. అంతా తెల్లగా మబ్బు పట్టినట్ల అయింది. ఆడిస్తా ఉంటే చేతి గాజులు కూడా గలగలమన్నాయి, మురళి సీసా చూడాల్సింది గాజులు చూసినాడు.

"రేపు పొద్దున దాకా కదిలించొద్దు. విడిపోకపోతే ఆముదాన్ని నమ్ము. విడిపోతే నన్ను నమ్ము."

లోపల్నుంచి వాళ్ళ నాయిన వీరప్ప గొంతు. "వినుతా! ఎవురమ్మా బేరం?"

"బేరం లేదు నాయినా, వద్దని చెప్పినా!"

"వచ్చిన బేరాన్ని వద్దంటావా? గానుగ మూసేద్దామా?"

మురళి సీసా పట్టుకోని రోషంగా బయటికి వచ్చేసినాడు. కానీ హోసూరు దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకోని, ఆటో కన్నా మెల్లగా పోయినాడు. ఎందుకో మరి!

శనివారం పొద్దున, చలిలో, కిటికీ దగ్గర సీసా చూసినాడు. పైన తేటగా కిరసనాయిలు. అడుగున తేనె మాదిరి ఆముదం. రెండూ ఎవురికి వాళ్ళే!

ఒళ్ళు జల్లుమనింది. నిమిషానికి లక్ష చుట్లు తిరిగే బేరింగు అది. ఇంధనంలో కలిసిన నూనే దాన్ని కాపాడాల. ఇది పోసుంటే?

నామోషీ పక్కన పెట్టి, ఇంజను అమ్మినాయనకి ఫోన్ చేసినాడు.

"ఆముదమా!" ఫోన్‌లోనే అరిచినాడాయన. "తెల్ల కిరసనాయిలు వడగట్టు. నూటికి ఐదు పాళ్ళు టర్బైన్ ఆయిల్ కలుపు. దొరక్కపోతే మంచి సింథటిక్ టూ-స్ట్రోక్ ఆయిల్. ముందే అడగాల కదప్పా!"

మధ్యాహ్నానికి అన్నీ దొరికినాయి. లీటరుకి యాభై మిల్లీ లెక్కన కలిపినాడు. దాంట్లో కొంచెం సీసాలో పోసి కిటికీలో పెట్టి, సాయంత్రం కెలమంగలంలో ప్రత్యక్షం.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నాడు, నేల చూస్తా.

"గట్టిగా చెప్పు. నాయిన వినాల."

"నిజమే!"

వీరప్ప బయటికి వచ్చి ఎగాదిగా చూసినాడు. "మా ఆముదం వద్దనిన ఇంజను నీదేనా? రేపు నేనూ వచ్చి చూస్తా."

ఆదివారం. కిటికీలో సీసా విడిపోలేదు. కృష్ణగిరి గ్రౌండ్‌లో జనం. మురళి ట్యాంకు మూత మళ్ళా మళ్ళా బిగిస్తా ఉంటే, జనాన్ని ఆపేదానికి కట్టిన తాడు అవతల్నుంచి వినుత కేకేసింది. "సీసాలో ఏమీ విడిపోలేదు కదా? ఇంగేం భయం?"

స్టార్ట్ చేసినాడు. ముందు చిన్న ఈల. అది పెరిగి పెరిగి కుయ్య్య్‌మని ఆకాశాన్ని కోసేసింది. ఆ గాలికి వీరప్ప భుజం మీద తువాలు ఎగిరి అంతదూరం పడింది! ట్యాంకు మొత్తం ఖాళీ అయ్యేదాకా తిరిగింది, ఒక్క వంక లేదు. క్లబ్ ఆయన వచ్చి మురళి చెయ్యి పట్టుకోని ఊపేసినాడు. "వచ్చే వారం బెంగుళూరుకి రా!"

మురళి మాత్రం తాడు వైపే చూస్తా ఉన్నాడు. ఆడ వినుత తువాలు తీసుకోని, ఎగిరెగిరి నవ్వుతా ఉంది.

మూడు వారాలైంది. మళ్ళా వాన. మురళి అంగట్లోకి వచ్చి, ఒక సీసా ఆమె ముందర పెట్టినాడు.

"ఏమిది?"

"జెట్టుకి కలిపిన నూనె సీసా. ఇరవై రెండు రోజులు కిటికీలో ఉంది. విడిపోలేదు."

"సరే, అయితే?"

"నేనూ అన్ని రోజులు చూసుకున్నా. ఒక్క రోజన్నా నీ ధ్యాస వదల్లేదు. ఇంగ నమ్ముతావా?"

వినుత సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. సీసా వెనకాల బుగ్గలు కందిపోయినాయి.

"ఎండాకాలంలో కూడా చూడాల," అనింది మెల్లగా. "ఆ పైన చలికాలం. అట్లే... అన్ని కాలాలూ."

"చూస్తా! ఈడే ఉండి చూస్తా!"

గానుగ దగ్గర్నుంచి వీరప్ప దగ్గినాడు. ఇద్దరూ బిగుసుకపోయినారు.

"వినుతా, ఒక లీటరు ఆముదం పొయ్యమ్మా. మంచిది చూసి."

"జెట్టుకా నాయినా?"

"జెట్టుకెందుకు? ఈ అబ్బాయి వాళ్ళమ్మకి, తలకి. వచ్చే ఆదివారం వాళ్ళింటికి మాట్లాడేదానికి పోతా ఉంటే వట్టి చేతుల్తో పోతామా?"