తుఫాను దళంలో మూడో చెయ్యి

2068లో విశాఖపట్నంలో కాగితం పుస్తకం చదవాలంటే ముందుగా పేరు నమోదు చేసుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, తేమ తీసేసిన గాజుగదిలో కూర్చోవాలి. ఆ ఉదయం డాక్టర్ మందాకిని అలాగే కూర్చుంది. ఆమె ముందు ‘తుఫాను దళం’ మొదటి ఆరు సంచికలు ఉన్నాయి. అచ్చయినవి కావు, అచ్చుకు ముందు చేత్తో గీసిన అసలు పేజీలు.

ఐదుగురు మహావీరులు ఒక్క జట్టుగా పోరాడే ఆ బొమ్మల కథ 1984లో వచ్చింది. అట్ట మీద ఉన్నది ఒకే పేరు: పరాంకుశం. ఆ బొమ్మల పెన్సిల్ గీతల మీద సిరా దిద్దిన సింహాద్రి మందాకినికి తాత. “ఆ దళాన్ని పుట్టించింది నేనమ్మా. వాడు నా పేరు మింగేశాడు” అని ఆయన పోయేదాకా చెబుతూనే ఉన్నారు. ఆ మాట నిరూపించాలనే ఆమె పదకొండేళ్లు పట్టుబట్టి రేఖాదర్శిని అనే యంత్రాన్ని తయారుచేసింది.

కలం నొక్కినచోట కాగితం మీద వెంట్రుక కన్నా సన్నని గాడి పడుతుంది. దాని లోతు, వంపు, వణుకు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. ఆ గుర్తుకు మందాకిని ‘కరముద్ర’ అని పేరు పెట్టింది. రేఖాదర్శిని కాగితాన్ని పాడుచేయకుండా లోపలికి దూరే టెరాహెర్ట్జ్ కిరణాలతో సిరా పొరల కిందికి చూసి, తెలిసిన చేతిరాతలతో పోల్చి, ఏ గీత ఎవరిదో, ఏది ముందు పడిందో చెబుతుంది.

సెన్సర్ల ఇంజనీరు యాకూబ్ మీట నొక్కాడు.

“పెన్సిల్ గీతలు పరాంకుశానివి. సిరా సింహాద్రిది. ముఖాలు, దుస్తులు పెన్సిల్‌లోనే పూర్తయ్యాయి” అంది యంత్రం.

అంటే దళాన్ని పుట్టించింది తాత కాదన్నమాట. మందాకిని పేజీ మీదికి వంగింది. “మరి మాటలు?”

“అవి మూడో వ్యక్తివి. పరాంకుశం రాసినవి చెరిపి, కొత్తగా రాశారు.”

చెరిపిన మాటల్లో ఐదుగురూ ఒకేలా గర్జించారు. కొత్త మాటల్లో ఒకడు భయంతో నత్తిగా మాట్లాడాడు, ఒకామె అలిగింది, ఇంకొకడు అందరిముందూ క్షమాపణ అడిగాడు. పాఠకులు ఆ దళం మీద ప్రాణం పెట్టుకున్నది సరిగ్గా అందుకే.

“ఆ మనిషి పేరుందా?”

“ఆరో సంచిక చివరి పేజీలో. ‘మాటలు: కె. సత్యవేణి’. ఆ పేరు మీద సిరాతో అలలు గీశారు.”

“ఎవరు?”

“సింహాద్రి.”

“మేడం, ఆ పేజీ పాడైపోయిందని రాసేద్దామండీ. తాతగారి పరువు...” అన్నాడు యాకూబ్.

“వద్దు యాకూబ్. ఆయన పేరు పోయిందనే కోపంతోనే ఇన్నాళ్లూ పనిచేశాను. ఈవిడ పేరు పోగొట్టింది మా ఇంటి మనిషే. అది మొదటి పేజీలోనే రావాలి.”

మధ్యాహ్నానికల్లా ఆమె నివేదిక చెప్పి రాయించింది. సత్యవేణి పేరు అన్నిటికన్నా పైన పెట్టింది. తాత చేసింది ఒక్క ముక్క కూడా దాచలేదు. తెర మీద యాకూబ్ చదివాడు. ‘నేను కనిపెట్టిన రేఖాదర్శిని ద్వారా...’ అన్న మొదటి వాక్యాన్ని రెండుసార్లు చదివి, “బాగుందండీ” అంటూ తొడుగులు విప్పుకోసాగాడు.

మందాకిని అతన్నే చూస్తూ ఉండిపోయింది.

“యాకూబ్, సిరా కిందికి చూడాలన్న ఆలోచన ఎవరిది?”

“నాదేనండీ. ఆ కటకం కూడా నేనే చేశాను. పర్లేదులెండి.”

“నా దగ్గర చేరిన ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా అడగలేదేం?”

అతను ఇబ్బందిగా నవ్వాడు. “మీరు రోజూ పరాంకుశం గారిని తిడుతుంటే, మీకే తడుతుందిలే అనుకున్నానండీ.”

ఆమె ముఖం కందిపోయింది. అయినా చూపు తిప్పుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“కూర్చో. నివేదిక సంగతి తర్వాత. ముందు పేటెంటు దరఖాస్తు తియ్యి. నీ పూర్తి పేరు చెప్పు.”