నా తరువాత ఎవరు?

అడుగున నీళ్ళలో తేల్చే ప్లవచొక్కా, దాని మీద తాడు, తాడు మీద రెండు పూటలకు సరిపడా అటుకుల బిళ్ళలు. సూరమ్మ ఏడో సంచి సర్దుతోంది. వంశధార సముద్రకట్ట మూడో శిబిరంలో సామాన్ల గది ఆమెది. ఇరవై ఆరేళ్ళుగా కట్టదళం మోసిన ప్రతి సంచీ ఆమె చేతుల్లోంచే వెళ్ళింది. వెళ్ళినవన్నీ తిరిగి రాలేదు. అందుకే ముడి వేశాక కూడా ఒకసారి విప్పి చూసుకుంటుంది.

"ఆరు సంచులకే అనుమతి ఉంది," అంది గోడలోని స్పీకరులోంచి సారథి యంత్రం. "ఏడోది ఎవరికి?"

గడపలో నిలబడ్డ కెప్టెన్ పైలా దమయంతి పలికింది. "నాకు."

కెప్టెన్లు కట్ట మీదికి వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది. కొండ మీది దూరపీఠంలో కూర్చుని, సారథి లెక్కకట్టిన ఆజ్ఞను దళం చెవుల్లోకి పంపడమే వాళ్ళ పని. రెండువేల ఏళ్ళ యుద్ధాలను చదివి ఆ యంత్రం తేల్చిన మొదటి పాఠం అది: నాయకుణ్ణి ముప్పుకు దూరంగా ఉంచాలి.

పోయిన ఏడాది తుపానులో తొమ్మిదో తూము దగ్గర సంకేతం తెగింది. తలుపు దించాలా, వెనక్కి రావాలా అన్న ఆజ్ఞ కోసం ఆరుగురు పదకొండు నిమిషాలు నిలబడ్డారు. నీళ్ళు నిలబడలేదు; ఆరుగురినీ తీసుకుపోయాయి. ఇవాళ మళ్ళీ తుపాను. అదే తూము మోటారు చెడిపోయింది. తలుపు చేత్తో దించాలి. చీకటి పడేలోపు దించకపోతే కట్ట వెనక పన్నెండు ఊళ్ళు మునుగుతాయి.

"రక్కసి తంగడి యుద్ధంలో విజయనగర సేనాని తల తెగగానే అంత పెద్ద సేన చెదిరిపోయింది," అంది సారథి. "మీరు అదే తప్పు చేస్తున్నారు."

"తల తెగినందుకు చెదరలేదు. ఆయన తరువాత ఎవరి మాట వినాలో సేనకు తెలీదు, అందుకు చెదిరింది. చరిత్రంతా చదివావు గానీ, బురదలో నిలబడ్డవాడి పక్కనుంచి చదవలేదు."

సూరమ్మ సంచి అందించకుండా గుండెకు ఆనించుకుంది. "తల్లీ, పోయినేడు ఆరు సంచులు ఈ చేతుల్తోనే ఇచ్చాను. మరి ఇయ్యలేను. ఆ పీఠంలో కూకోరాదా?"

"నాను కూకుంటే నీకు నిద్ర పడతాదేటి సూరప్పా?" సూరమ్మను అక్క వరసతో అలాగే పిలుస్తుంది దమయంతి.

"నాకెప్పుడు పట్టింది గనక!"

"మరింకేటి? ఇయ్యి."

ఇచ్చింది.

"అనుమతి లేని సంచిని ఎవరు విడుదల చేశారు?" అడిగింది సారథి.

"నానే. గురుగుబెల్లి సూరమ్మ. రాసుకో."

గేటు దగ్గర ఇవాళ్టి దళం ఆరుగురూ సిద్ధంగా ఉన్నారు. దమయంతి ఉపన్యాసం ఇవ్వలేదు, పని చెప్పింది. తలుపు దించే చక్రాలు మూడు, ఎడమది ముందు, నీళ్ళు నడుం దాటినా తలుపు దిగేదాకా వదలొద్దు. ఆ తరువాత అడిగింది. "నేను పోతే?"

"తవిటయ్య," అన్నారు.

"తవిటయ్య పోతే?"

"లచ్చుమి."

అలా ఆరో పేరు దాకా వచ్చింది. ఆ పేరు అప్పన్నది. దళంలో అందరికంటే పొట్టి. "అప్పుడికి నా మాట ఇనడానికి పీతలే మిగుల్తాయి మేడమ్."

"పీతలకైనా సరిగ్గా చెప్పు."

అందరూ నవ్వారు. సూరమ్మకు నవ్వు రాలేదు.

నాలుగు గంటలకు సామాన్ల గదిలో ఆమె ఒక్కతే స్పీకరు ముందు కూర్చుని వింటోంది. రెండు చక్రాలు తిరిగాయి. మూడోదానికి కొట్టుకొచ్చిన దుంగ అడ్డం పడింది. దాన్ని తప్పించడానికి దమయంతి కిందికి దిగింది. పెద్ద చప్పుడు. తవిటయ్య రెండుసార్లు ఆమెను కేకేశాడు. స్పీకరులో నీళ్ళ హోరే వినిపించింది.

"నాయకత్వం లేదు," అంది సారథి. "తూము వదిలి వెనక్కి రండి."

"నాయకత్వం ఉంది," తవిటయ్య రొప్పుతున్నాడు. "నా దగ్గరుంది. నాను పోతే లచ్చుమి దగ్గరుంటాది. నువ్వు కాసేపు నోరు మూసుకో. లచ్చుమీ, దుంగ జరిగింది, తిప్పెయ్!"

సారథి ఖాళీ పీఠాన్ని పిలిచింది. మళ్ళీ పిలిచింది. దళానికి ఒక నాయకుడే ఉండాలన్న లెక్క దానిది. ఆరుగురూ నాయకులైన దళాన్ని ఏం చేయాలో దానికి తెలీదు. చివరికి సూరమ్మను పిలిచింది.

"వెనక్కి రమ్మని మీ గొంతుతో చెప్పండి. మీ మాట వింటారు."

వింటారని ఆమెకూ తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా ఆ గేటు దాటిన ప్రతి ఒక్కరికీ చెప్పాలనుకున్న మాట అదొక్కటే. నాలుక చివరిదాకా వచ్చింది. మైకు మీద పెట్టిన చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పను," అంది.

తలుపు నాలుగూ నలభైకి దిగింది. పన్నెండు ఊళ్ళలో ఏ ఒక్కటీ మునగలేదు. ఆరుగురూ నడిచి వచ్చారు. కెప్టెన్ పైలా దమయంతి తిరిగి రాలేదు. ఆ పెద్ద చప్పుడు వినబడిన వేళ: 2141 నవంబరు 19, సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలు.